డి.ఎ.పి. కట్ట విప్పే ముందు: మన పొలంలో భాస్వరం లెక్క చూసుకునే పద్ధతి

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నాట్ల రోజుల్లో ఏ ఎరువుల కొట్టు ముందు నిలబడ్డా ఒకటే మాట వినిపిస్తుంది: "డి.ఎ.పి. వచ్చిందా?" లోడు రాలేదంటే ఊరంతా టెన్షన్. మా ఇంట్లోనూ అదే వరస. దమ్ములో ఎకరాకు ఒక కట్ట డి.ఎ.పి., నెల తిరిగేసరికి పైపాటుగా ఒక కట్ట 28-28 కాంప్లెక్స్. రెండూ నత్రజని, భాస్వరం కలిసిన ఎరువులే. ఎందుకు వేస్తున్నామని అడిగిన వాళ్లు లేరు. మట్టి పరీక్ష కాగితం చేతికొచ్చాక నాకు మొదటిసారి ఆ ప్రశ్న పుట్టింది. మా కయ్యలో భాస్వరం "ఎక్కువ" అని ఉంది. మరి ఇన్నేళ్లు ఆ కట్టలన్నీ ఎందుకు మోసినట్టు?

అప్పటి నుంచి నేర్చుకున్నది, చేసి చూసింది ఇక్కడ వరసగా రాస్తున్నాను. నెల్లూరు మాగాణికీ, ప్రకాశం మెట్టకూ పనికొచ్చేలా రాశాను.

ముందుగా, ఈ భాస్వరం ఎలాంటిదో

సంస్కృతంలో భాస్వరం అంటే వెలిగేది. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తయారు చేద్దామని మూత్రాన్ని మరగబెట్టి, అడుగున మిగిలినదాన్ని కాల్చితే చీకట్లో మెరిసే పదార్థం బయటపడింది. అదే తెల్ల భాస్వరం. దాని పరమాణు సంఖ్య 15. ప్రకృతిలో మాత్రం ఇది ఒంటరిగా దొరకదు. ఎప్పుడూ ఆక్సిజన్‌తో కలిసి ఫాస్ఫేట్‌గానే ఉంటుంది. పైరు వేళ్లు తాగేది కూడా నీటిలో కరిగిన ఫాస్ఫేట్‌నే.

ప్రాణం ఉన్న ప్రతిదానికీ ఇది కావాలి. డి.ఎన్.ఎ. నిచ్చెనకు పక్కకర్రల్లో ఉండేది ఫాస్ఫేటే. కణంలో శక్తిని మోసే ఎ.టి.పి.లోనూ అదే. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటే, అందులో 85 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. భాస్వరం తక్కువగా ఉన్న నేలల్లో మేసే పశువులు ఎముకలు నమలడం ఇందుకే. మెట్ట ప్రాంతాల్లో పెద్దవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

నత్రజనికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటి బాగా గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కంతా సులువవుతుంది. నత్రజని గాలిలో పుష్కలంగా ఉంది. పప్పుధాన్యాల వేరుబుడిపెలు దాన్ని పట్టి తెస్తాయి, నీళ్లు నిలిస్తే మళ్లీ గాలిలోకి పోతుంది. భాస్వరానికి ఆ దారి లేదు. అది రాయి నుంచి రావాలి, మట్టిలో ఉండిపోవాలి. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలో ఉన్నాయి. మనకు రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా గని ఉంది కానీ అది దేశం అవసరానికి చాలదు. రాయో, ఆమ్లమో, తయారైన ఎరువో, ఏదో ఒక రూపంలో సముద్రం దాటి రావాల్సిందే. మీ ఇంటి వసారాలో ఉన్న కట్ట అంత దూరం నుంచి వచ్చింది.

ఒకటో పని: మీ నేల భాస్వరాన్ని ఎలా పట్టుకుంటుందో తెలుసుకోండి

పెన్నా ఆయకట్టు ఒండ్రు, బంక నేలల్లో వరికి నీళ్లు నిలబెడతాం. నీళ్ల కింద మట్టికి గాలి అందదు. అప్పుడు మట్టిలోని ఇనుము రూపం మారి, తాను గట్టిగా పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. అంటే దమ్ము చేసి నీళ్లు పెట్టడమే సగం ఎరువు వేసినట్టు. అదే కయ్యను ఆరబెట్టి మినుమో పెసరో వేస్తే ఇనుము మళ్లీ పాత రూపానికి వచ్చి భాస్వరాన్ని బిగించేస్తుంది. అందుకే వరి బాగా పండిన కయ్యలోనే తర్వాతి పప్పు పైరు పాలిపోయి, ఎదగక నిలబడిపోవచ్చు. రెండు పంటల్లో భాస్వరం అవసరం ఎక్కువగా ఉండేది ఆరుతడి పంటకే. మనం చేసేది సరిగ్గా దానికి ఎదురు.

ఒంగోలు, నాగులుప్పలపాడు చుట్టుపక్కల నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. ఉదజని సూచిక (పి.హెచ్.) 8 దగ్గర, ఒక్కోచోట దాటి ఉంటుంది. వేసిన భాస్వరం కాల్షియంతో కలిసి మెల్లగా రాయిలా మారుతుంది. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం పట్టుకుంటాయి. సముద్రం ఒడ్డు ఇసుక నేలలు మాత్రం దేన్నీ ఎక్కువ సేపు పట్టుకోవు. అక్కడ కొద్దికొద్దిగా, పశువుల ఎరువుతో కలిపి ఇవ్వడమే దారి.

ఏ నేలైనా ఒక లెక్క చూడండి. ఎకరం పొలంలో పైన ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో 0.05 శాతం భాస్వరం ఉన్నా 450 కిలోలు. గాదె నిండుగానే ఉంది, తాళం పడి ఉంది, అంతే.

రెండో పని: మట్టిని సరిగ్గా తీయండి

ఇక్కడ నేను తప్పు చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మొదటిసారి మట్టిని ఖాళీ డి.ఎ.పి. సంచిలో పోసి తీసుకెళ్లాను. వచ్చిన భాస్వరం అంకె చూసి పరీక్ష చేసిన వాళ్లే నమ్మలేదు. సంచి కుట్లలో మిగిలిన నాలుగు గుళికలు చాలు, అర కిలో మట్టి పరీక్ష మొత్తం చెడిపోతుంది. శుభ్రమైన గుడ్డ సంచి తీసుకోండి. ఎరువు కలిపిన తట్ట, ఎరువు చల్లిన చేయి కూడా తగలకూడదు.

పంట కోసి నేల ఆరాక, తర్వాతి పంటకు ఎరువు వేయకముందు తీయాలి. ఎడగారు (రబీ కోత తర్వాత వేసే వరి) వేసే వాళ్లయితే రబీ కోత అయిన వెంటనే తీసేయండి, తర్వాత వ్యవధి దొరకదు. ఎకరంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల గడ్డి గీకేసి, పారతో 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గుంట అంచు నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో పలుచని మట్టి పొర తీయండి. గెనిమల పక్కన, చెట్ల నీడన, దిబ్బ ఉన్న చోట, కాలవ మలుపులో తీయొద్దు. అంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి నీడలో ఆరబెట్టండి. పల్లపు కయ్య, మెరక కయ్య రెండూ కలిపేయొద్దు. నిమ్మ తోటకైతే ఆరంగుళాలు చాలవు, ఇంకా లోతుకు పొరలు పొరలుగా వేర్వేరు నమూనాలు తీయాలి.

మూడో పని: కార్డులో ఏ అంకె ఉందో చూడండి

భూసార కార్డుల పథకం 2015లో మొదలైంది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి. వాటిలో భాస్వరం దగ్గర చాలామంది పొరబడతారు. ఒక చోట "పి" అని, అంటే ఒట్టి భాస్వరం లెక్క రాస్తారు, ఇంకో చోట "పి2ఓ5" అని, అంటే ఆక్సిజన్‌తో కలిపిన లెక్క రాస్తారు. కట్టల మీద ఉండేది రెండోది. మొదటి దాన్ని 2.29తో గుణిస్తే రెండోది వస్తుంది. హెక్టారు లెక్కను రెండున్నరతో భాగిస్తే ఎకరా లెక్క వస్తుంది.

పైరుకు అందే భాస్వరాన్ని కొలవడానికి మన నేలలకు వాడేది ఓల్సెన్ పద్ధతి. దాని ప్రకారం హెక్టారుకు "పి" 10 కిలోల లోపు ఉంటే తక్కువ, 10 నుంచి 25 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ. పి2ఓ5గా ఎకరాకు చెప్పుకుంటే 10 లోపు తక్కువ, సుమారు 24 దాటితే ఎక్కువ.

ఇప్పుడు కార్డులో హెక్టారుకు 28 అని ఉందనుకోండి. అది "పి" అయితే మీ నేలలో ఎక్కువ ఉంది, ఎరువు తగ్గించాలి. "పి2ఓ5" అయితే ఎకరాకు 11 మాత్రమే, మధ్యస్థంలో అడుగున ఉన్నట్టు. అంకె ఒకటే, చేయాల్సిన పని వేరు. కార్డు ఇచ్చిన చోటే "ఇది పి లెక్కా, పి2ఓ5 లెక్కా?" అని అడిగి, పెన్నుతో పక్కన రాయించుకోండి.

నాలుగో పని: జమ, ఖర్చు రాయండి

నోటుబుక్కులో ఒక పేజీ చాలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఎకరాకు మూడున్నర పుట్లు పండితే దాదాపు మూడు టన్నులు. ఆ ధాన్యంతో పాటు పొలం దాటి పోయేది పి2ఓ5 లెక్కలో సుమారు 15 కిలోలు. గడ్డి కూడా ఎత్తుకుపోతే ఇంకో ఐదు కలపండి. ఖర్చు 20.

జమ చూద్దాం. డి.ఎ.పి.లో భాస్వరం 46 శాతం కాబట్టి 50 కిలోల కట్టకు 23 కిలోలు. పైపాటు 28-28 కట్టకు 14. మొత్తం 37. ఒక పంటకు 17 కిలోలు మిగులు. ఏడాదికి రెండు పంటలంటే 34. పదేళ్లు ఇలాగే చేస్తే 340 కిలోలు మట్టిలో చేరినట్టు. మా కార్డులో "ఎక్కువ" అని ఎందుకు వచ్చిందో ఈ పేజీ రాశాకే నాకు అర్థమైంది.

వేసిన భాస్వరంలో ఆ పంటకే అందేది ఐదో వంతు అటూ ఇటూ మాత్రమే, అందుకే ఎక్కువ వేయాలి అని కొట్టు దగ్గర చెబుతుంటారు. మొదటి సగం నిజమే. కానీ మిగిలిన నాలుగు వంతులు ఎక్కడికీ పోలేదు. పై పంటలకు కొంచెం కొంచెంగా అందుతూనే ఉంటాయి.

ఐదో పని: ఎంత వేయాలో, ఏది వేయాలో

వరికి ఎకరాకు 24 కిలోల భాస్వరం అనేది సాధారణంగా చెప్పే మోతాదు. నేలలో తక్కువ ఉంటే 30 శాతం పెంచుతారు, ఎక్కువ ఉంటే 30 శాతం తగ్గిస్తారు, మధ్యస్థమైతే అంతే. ఎక్కువ ఉన్న కయ్యకు 17 కిలోలు చాలు. అంటే 37 కిలోల డి.ఎ.పి. గానీ, రెండు కట్టల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (సూపర్) గానీ. పైపాటు కాంప్లెక్స్ అవసరమే లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డి.ఎ.పి. దొరకలేదని ఆగిపోవద్దు. సూపర్‌లో భాస్వరం 16 శాతమే, కట్టకు 8 కిలోలే, మోసే కూలీ ఎక్కువే. కానీ దానితో 11 శాతం గంధకం, పైగా కాల్షియం వస్తాయి. ప్రకాశం శనగ రైతుకు, ఇసుక నేలల్లో వేరుశనగ వేసే వాళ్లకు నేను సూపరే చెబుతాను. శనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం కావాలి. రెండున్నర కట్టల సూపర్, 17 కిలోల యూరియాతో అది సరిపోతుంది. దాదాపు 14 కిలోల గంధకం పైసా అదనంగా పెట్టకుండా వచ్చినట్టు.

ఆకుల మీద కొట్టే ద్రవం, నానో డి.ఎ.పి. గురించి కూడా అడుగుతున్నారు. అర లీటరు సీసాలో భాస్వరం 16 శాతం, అంటే 80 గ్రాములు. కట్టలో ఉన్నది 23 కిలోలు. నేలలో నిజంగా తక్కువ ఉన్నప్పుడు దుక్కిలో వేసేదాని బదులు ఆ సీసాను నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

పశువుల ఎరువును లెక్కలో కలపడం మర్చిపోకండి. టన్నుకు రెండు, మూడు కిలోల పి2ఓ5 వస్తుంది. కోళ్ల ఎరువులో అంతకు ఎన్నో రెట్లు. ధాన్యంలోని భాస్వరంలో ఎక్కువ భాగం తవుడులోకి పోతుంది. ఆ తవుడు తిన్న గేదె పేడ మళ్లీ మీ దిబ్బకే చేరితే, బయటికి పోయిన 15 కిలోల్లో కొంత ఇంటికి తిరిగొచ్చినట్టే.

ఆరో పని: వేళ, చోటు

నత్రజని నీళ్లతో పాటు కదులుతుంది. భాస్వరం మట్టిలో కొన్ని మిల్లీమీటర్లకు మించి కదలదు. మొక్క వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. కాబట్టి మొత్తం మోతాదు వరిలో ఆఖరి దమ్ములోనే వేసి మట్టిలో కలిసేలా చేయాలి. నెల తర్వాత నీళ్ల మీద చల్లిన కాంప్లెక్స్‌తో పైరు పచ్చబడుతుంది, నిజమే. ఆ పచ్చదనం దానిలోని నత్రజనిది. ఆ పని యూరియా చేయగలదు, తక్కువ ధరలో.

పిలకలకూ వేళ్లకూ భాస్వరం కావాల్సింది మొదటి రోజుల్లో. అందుకే నారుమడిని నిర్లక్ష్యం చేయొద్దు. ఐదు సెంట్ల నారుమడికి కిలో భాస్వరం, అంటే ఆరు కిలోల సూపర్, విత్తనం చల్లే ముందే వేయాలి. మొత్తం సేద్యంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఇంకొకటి నాకు కనబడలేదు.

మెట్టలో చల్లడం కంటే సాలులో వేయడం మేలు. విత్తనం, ఎరువు రెండూ వేసే గొర్రుతో విత్తనానికి కాస్త పక్కన, కాస్త కిందగా పడేలా చూడండి. రేగడిలో చల్లితే ప్రతి గుళికా సున్నం మధ్యకు పోయి పడుతుంది. సాలులో ఒకేచోట వేస్తే మట్టికి తగిలే భాగం తగ్గి, బిగుసుకుపోవడం ఆలస్యమవుతుంది.

ఏడో పని: జింకు సంగతి చూడండి

ఒక రబీలో నాటిన మూడో వారంలో మా కయ్యలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. మధ్య ఈనె పాలిపోయింది. మా పెదనాన్న చూసి, "డి.ఎ.పి. చాల్లేదురా, ఇంకో కట్ట చల్లు" అన్నారు. చల్లితే ఇంకా ముదిరేది. అది జింకు లోపం. నేలలో భాస్వరం పేరుకుపోయిన కొద్దీ మొక్కకు జింకు అందడం కష్టమవుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొడితే తేరుకుంది.

నిజమైన భాస్వరం లోపం వేరుగా ఉంటుంది. మొక్క గిడసబారుతుంది, ఆకు మామూలు కంటే ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, కింది ఆకుల్లో ఊదా రంగు తేలుతుంది, పిలకలు తగ్గుతాయి, కోత ఆలస్యమవుతుంది. మొక్కజొన్నలో ఆ ఊదా రంగు దూరం నుంచే కనబడుతుంది. పసుపు రంగు చూసి భాస్వరం అనుకోవద్దు.

ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ దమ్ములో వేయాలనుకుంటే దాన్ని డి.ఎ.పి.తో గానీ సూపర్‌తో గానీ కలపకండి. రెండూ కలిసి కరగని పదార్థమై రెండూ పనికిరాకుండా పోతాయి. కనీసం రెండు, మూడు రోజుల తేడా ఉండాలి.

ఎనిమిదో పని: తాళం పడిన గాదెను తెరవండి

ఇది నాకు చాలా ఇష్టమైన పని. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా పొడిని ఎకరాకు రెండు కిలోలు, బాగా మాగిన పశువుల ఎరువు 50 నుంచి 100 కిలోలతో కలిపి, తేమ చిలకరించి, నీడలో వారం ఉంచి, సాయంత్రం పూట చల్లండి. ఆ సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాలు కాల్షియం పట్టును సడలిస్తాయి. అదే రోజు రసాయన ఎరువు కలపొద్దు. ఎండలో ఉంచిన ప్యాకెట్ కొనొద్దు. గడువు తేదీ తప్పక చూడండి, చచ్చిన బ్యాక్టీరియాతో పనేముంది?

జీలుగ, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట వేసి పూత దశలో కలియదున్నితే, లోతు నుంచి వేళ్లు తోడిన భాస్వరం పైపొరలో పడుతుంది. కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఇంకొంచెం విడిపిస్తాయి. ఇక గొర్రెల మంద. నెల్లూరు జాతి గొర్రెలకు పేరున్న ప్రాంతం మనది. వేసవిలో చేలో మంద కట్టించడం మా తాతల కాలంలో మామూలు. ఆ పెంట, ఆ మూత్రం రాత్రికి రాత్రి చేనంతా పడతాయి, రవాణా ఖర్చు లేదు. మందల వాళ్లు ఇంకా వస్తున్న ఊళ్లలో ముందే మాట్లాడుకోండి. చెరువు పూడిక మట్టి దొరికితే అదీ తోలించండి. మన చేలనుంచి కొట్టుకుపోయిన మెత్తని మట్టే అది, దానికి అంటుకున్న భాస్వరంతో సహా.

రొయ్యల గుంటల అడుగు బురద మాత్రం వద్దు. అందులో భాస్వరం ఉంటుంది కానీ ఉప్పు కూడా ఉంటుంది. మంచినీళ్ల చేపల గుంట బురద అయితే పనికొస్తుంది.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటలున్న వాళ్లకు ఒక మాట. మేతలో ఉన్న భాస్వరంలో రొయ్య ఒంట్లో చేరేది చిన్న భాగమే. మిగతాది బురదలో, నీటిలో ఉంటుంది. ఆ నీళ్లను నేరుగా కాలవలోకి వదిలితే నాచు విపరీతంగా పెరుగుతుంది. రాత్రి అది కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, చచ్చి కుళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ హరిస్తుంది. తెల్లారేసరికి చేపలు నీళ్ల మీదికి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అదే కాలవ నీళ్లను కింద ఇంకొకరు తమ గుంటలోకి తోడుకుంటున్నారు. వదిలే ముందు ఒక తేర్చే గుంటలో కొన్ని రోజులు నిలబెట్టండి. వరి రైతులు కూడా దమ్ములో ఎరువు వేసిన రోజు మడవ కట్టేయాలి, బురద నీళ్లు బయటికి పోకూడదు.

తొమ్మిదో పని: నమ్మకం కుదరకపోతే చిన్న కయ్యలో చూడండి

తగ్గించమంటే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. "పిలకలు రావురా" అని మా పెదనాన్న రెండేళ్లు అన్నారు. అందుకని పొలం మొత్తం మీద పందెం వేయకండి. కార్డులో "ఎక్కువ" అని వచ్చిన పొలంలోనే ఒక మూల ఐదు సెంట్లకు చుట్టూ గట్టు పోసి, పక్క నీళ్లు రాకుండా చేసి, అందులో భాస్వరం అసలు వేయకండి. నత్రజని, పొటాష్, జింకు మాత్రం మిగతా పొలంతో సమానంగా ఇవ్వండి. డి.ఎ.పి.తో వచ్చే నత్రజని అక్కడ ఉండదు కాబట్టి అంత మేరకు యూరియా కలపాలి. ఇది మర్చిపోతే నత్రజని తక్కువైన తేడాను భాస్వరం మీద వేస్తాం.

కోత మిషన్ లోపలికి దిగకముందే కొడవలి పట్టుకుని వెళ్లండి. ఆ ఐదు సెంట్ల నడిమధ్య 21 అడుగుల చదరం, పక్క పొలంలో అంతే కొలతతో ఇంకో చదరం తాడు కట్టి కోయండి. అది దాదాపు ఒక సెంటు. విడివిడిగా నూర్చి, ఒకే రోజు ఆరబెట్టి, తూకం వేయండి. మూడున్నర పుట్ల పొలంలో ఒక్కో కుప్ప 30 కిలోల దగ్గర తూగాలి. రెండు తూకాలూ నోటుబుక్కులో, ఆ ఏడాది వేసిన కట్టల పక్కనే రాసి పెట్టండి. తూకం వేసేటప్పుడు పెదనాన్నలను పక్కనే నిలబెట్టుకోండి. మా ఇంట్లో పైపాటు కాంప్లెక్స్ ఆగింది ఆ రోజే.